సెంటర్‌పిన్ రీల్: స్టీల్‌హెడ్ చేప కోసం ఎలా ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి

దుకాణంలో సెంటర్‌పిన్ రీల్, అంటే ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగే గాలం చక్రం, చేతికి రాగానే దాదాపు అందరం చేసే పని ఒకటే. లైన్ చుట్టుకునే స్పూల్‌ను వేలితో గట్టిగా ఒక్క తోపు తోసి, ఎంతసేపు తిరుగుతుందో చూస్తాం. నిమిషం తిరిగితే మంచిది, రెండు నిమిషాలు తిరిగితే ఇంకా మంచిది అనుకుంటాం. కానీ నదిలో ఆ స్పూల్‌ను ఎవరూ అలా తోయరు. నెమ్మదిగా పారే నీరు బెండును లాగుతుంది, బెండు లైన్‌ను లాగుతుంది, ఆ కొద్దిపాటి లాగుడుకే స్పూల్ కదలాలి. అందుకే ఎంతసేపు తిరుగుతుందన్న దానికంటే ఎంత తేలిగ్గా కదలడం మొదలుపెడుతుందన్నదే ముఖ్యం. రీల్ కొనేటప్పుడూ, తర్వాత ఏళ్ల తరబడి దాన్ని శుభ్రం చేసుకునేటప్పుడూ నేను చూసేది ముందుగా ఇదే.

నేను ఉండేది కెనడాలోని ఒంటారియోలో, క్రెడిట్ నదికి దగ్గర్లో. మిసిసాగా, బ్రాంప్టన్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చిన్నప్పుడు గోదావరి కాలవ గట్టున నెమలి ఈకను బెండుగా కట్టి గాలం వేసినవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. ఇక్కడికి వచ్చాక మళ్లీ గాలం పట్టాలనుకునే అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నెమలి ఈక బెండు మనకే కాదు, సెంటర్‌పిన్ పుట్టిన ఇంగ్లండ్‌లో కూడా పాత అలవాటే.

ముందు ఈ రీల్ ఏమిటో

సంక్రాంతికి గాలిపటం ఎగరేసేటప్పుడు చరఖా పట్టుకున్న మనిషిని గుర్తు చేసుకోండి. గాలిపటం లాగుతుంటే చరఖా చేతుల్లో వదులుగా తిరుగుతూ దారం ఇస్తుంది. ఆపాలంటే అరచేయి ఆనిస్తే చాలు. సెంటర్‌పిన్ కూడా అంతే. మధ్యలో ఒక ఇరుసు, దాని మీద స్వేచ్ఛగా తిరిగే చక్రం లాంటి స్పూల్. గేర్లు లేవు. పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఒక చుట్టే తిరుగుతుంది. డ్రాగ్, అంటే చేప లాగుతుంటే లైన్‌ను అదుపులో వదిలే బ్రేకు, కూడా లేదు. చేప పరిగెత్తితే ఆపేది స్పూల్ అంచు మీద పెట్టిన మీ బొటనవేలే.

ఈ రీల్‌కు తొలి రూపం ఇంగ్లండ్‌లో ట్రెంట్ నది ఒడ్డున ఉన్న నాటింగ్‌హామ్‌లో చేసిన చెక్క రీల్. రెడిచ్ పట్టణంలోని ఆల్కాక్ కంపెనీ 1890ల్లో తెచ్చిన ఏరియల్ రీల్, 1896లో హార్డీ తెచ్చిన సైలెక్స్ దాన్ని లోహంలోకి, తేలిక రూపంలోకి మార్చాయి. కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా నదుల్లో స్టీల్‌హెడ్ కోసం సైలెక్స్ వాడిన తరం ఒకటి ఉంది. ఒంటారియోను ఆనుకుని ఉన్న పెద్ద సరస్సులు, గ్రేట్ లేక్స్ చుట్టూ ఇది బాగా పాతుకుపోయింది మాత్రం తర్వాతి కాలంలోనే.

స్టీల్‌హెడ్ అంటే వేరే జాతి చేప కాదు, రెయిన్‌బో ట్రౌటే. నదిలో పుట్టి, సముద్రానికో పెద్ద సరస్సుకో వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదిలోకి వచ్చేదాన్ని స్టీల్‌హెడ్ అంటారు. దీని సొంత ఊరు పసిఫిక్ తీరం. గ్రేట్ లేక్స్ ప్రాంతంలోకి మనుషులే తెచ్చి వదిలారు. 1876లో మిషిగన్‌లోని ఓ సేబుల్ (Au Sable) నదిలో వేసిన పిల్లలతో ఆ కథ మొదలైంది.

ఈ చేపకు ఈ రీలే ఎందుకంటే, నదిలో పైనీటి వేగం ఎక్కువ, అడుగునీటి వేగం తక్కువ. స్టీల్‌హెడ్ ఎక్కువసేపు అడుగునే ఉంటుంది. చల్లటి నీళ్లలో ఎర కోసం దూరం కదలదు. ఎర దాని ముక్కు ముందుకే, అడుగునీటి వేగంతోనే రావాలి. సెంటర్‌పిన్ ఉంటే బెండును ముప్పై మీటర్లు, యాభై మీటర్లు ఏ కుదుపూ లేకుండా పారనివ్వొచ్చు. బొటనవేలితో కొంచెం ఆపి బెండును పైనీటి కంటే నెమ్మదిగా నడపనూ వచ్చు. అప్పుడు ఎర ముందు, బెండు వెనక వెళ్తాయి. స్పిన్నింగ్ రీల్‌తో లైన్‌ను పట్టి ఉంచే తీగను (బెయిల్) తెరిచి ఈ పని చేయొచ్చు గానీ, వేగాన్ని ఇంత సన్నగా అదుపు చేయడం కష్టం.

మొదటి అడుగు: మీరు వెళ్లే నది ఏది?

రీల్ కంటే ముందు నదిని తేల్చుకోండి. బోమన్‌విల్, విల్మాట్ లాంటివి చిన్న వాగులు. అక్కడ బెండు పారే దూరం పది పదిహేను మీటర్లు దాటడం అరుదు. పోర్ట్ హోప్ దగ్గర గానరాస్కా, మిసిసాగాలో క్రెడిట్ మధ్యరకం. సాగీన్, మిషిగన్‌లోని మానిస్టీ, బ్రిటిష్ కొలంబియాలోని వెడర్ పెద్ద నీళ్లు. న్యూయార్క్ రాష్ట్రంలో పులాస్కీ దగ్గరి సాల్మన్ రివర్‌లోనైతే ప్రవాహం బలంగా ఉంటుంది, పైన డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి రోజురోజుకూ మారుతుంది.

చిన్న వాగుకు నాలుగు అంగుళాల రీల్ సరిపోతుంది. పెద్ద నదికి నాలుగున్నర, ఐదు అంగుళాలవి వాడతారు. ఒక్క రీల్‌తోనే అన్నీ నడపాలంటే నాలుగున్నర అంగుళాలది తీసుకోండి. నా మొదటి సలహా ఎవరికైనా ఇదే.

ఈ తేడా ఎందుకో లెక్క వేసి చూద్దాం. లైన్ నిండిన చోట వ్యాసం నాలుగు అంగుళాలు ఉంటే పిడి ఒక చుట్టుకు సుమారు 32 సెంటీమీటర్ల లైన్ లోపలికి వస్తుంది. ముప్పై మీటర్ల దూరం నుంచి బెండును వెనక్కి తేవడానికి 94 చుట్లు. అదే లైన్ నిండిన చోట వ్యాసం మూడు అంగుళాలైతే చుట్టుకు 24 సెంటీమీటర్లే, 125 చుట్లు తిప్పాలి. రోజంతా వందసార్లు బెండు వేసేవాళ్లకు ఆ ముప్పై చుట్ల తేడా మణికట్టుకు తెలుస్తుంది. ఇంకొకటి, లైన్ ఇరుసుకు ఎంత దూరంలో ఉంటే అది లాగే బలం స్పూల్‌ను అంత తేలిగ్గా తిప్పుతుంది. పెద్ద స్పూల్ తేలిగ్గా కదలడానికి ఇది ఒక కారణం. అలాగని బరువును వదిలేయకూడదు. వ్యాసం పెద్దదై స్పూల్ కూడా బరువుగా ఉంటే ఆ లాభం పోతుంది.

రెండో అడుగు: బరువు, రాడ్‌తో తూకం

సెంటర్‌పిన్‌కు వాడే ఫ్లోట్ రాడ్లు పొడవైనవి, ఎక్కువగా 13 నుంచి 15 అడుగులు. అంత పొడవు ముందుకు వాలకుండా రీల్ బరువు కొంత సాయం చేస్తుంది. కాబట్టి రీల్ మొత్తం బరువు మరీ తక్కువ ఉండాలని పట్టుబట్టకండి. తేలిగ్గా ఉండాల్సింది తిరిగే భాగం, అంటే స్పూల్. వెనక పలకలో, రాడ్‌కు బిగించే కాలిలో బరువు ఉన్నా నష్టం లేదు. స్పూల్‌కు కన్నాలు తొలిచేది అందుకే.

దుకాణానికి మీ రాడ్‌ను కూడా తీసుకెళ్లి, రీల్‌ను దానికి బిగించి చూడండి. కార్క్ పిడి మీద జారే రింగులున్న రాడ్ అయితే రీల్‌ను ముందుకూ వెనక్కూ జరిపి తూకం కుదుర్చుకోవచ్చు. సీటు బిగించి ఉన్న రాడ్ అయితే ఆ వీలు లేదు. బిగించాక రాడ్‌ను రీల్ ముందు భాగంలో ఒక వేలి మీద ఆనించి చూడండి. మరీ ముందుకు వాలిపోతుంటే సాయంత్రానికి ముంజేయి నొప్పి ఖాయం.

మూడో అడుగు: బేరింగా, బుష్షా

కొన్ని రీళ్లలో స్పూల్ నేరుగా ఇరుసు మీదో, లోహపు బుష్ (ఇరుసు చుట్టూ ఉండే చిన్న గొట్టం) మీదో తిరుగుతుంది. మంచి పనితనం ఉన్న పాత ఇంగ్లిష్ రీళ్లు ఇలాంటివే. ఇవి నిశ్శబ్దంగా తిరుగుతాయి, కానీ నూనె విషయంలో శ్రద్ధ కోరతాయి. ఇప్పుడు స్టీల్‌హెడ్ కోసం అమ్మేవాటిలో ఎక్కువభాగం బాల్ బేరింగులవే.

పెట్టె మీద ఎబెక్ 5, ఎబెక్ 7 అని రాసి ఉంటుంది. అది బేరింగ్ కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెప్పే అంకె. నదిలో ఎంత తేలిగ్గా తిరుగుతుందో అది చెప్పదు. ఎబెక్ 7 బేరింగ్‌లో చిక్కటి గ్రీజు నింపి ఉంటే, నూనె చుక్క మాత్రమే ఉన్న ఎబెక్ 3 బేరింగ్ దానికంటే ముందు కదులుతుంది. లోపల సిరామిక్ గుండ్లున్నవి తుప్పు తక్కువ పడతాయి, ధర ఎక్కువ. మొదటి రీల్‌కు వాటి కోసం డబ్బు పెట్టమని నేను చెప్పను. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: బేరింగులు బయటికి తీసి శుభ్రం చేసుకునేలా ఉన్నాయా, నొక్కి బిగించేశారా? తీయగలిగేవే తీసుకోండి.

నాలుగో అడుగు: కదలిక పరీక్ష

ఇక్కడ తొందరపడకండి. దుకాణంవాళ్లను అడిగి పది నిమిషాలు తీసుకోండి. జేబులో సన్నని దారం, రెండు మూడు గ్రాముల చిన్న బరువు ఒకటి ఉంచుకోండి.

రీల్‌ను రాడ్‌కు బిగించి, స్పూల్ నిలువు చక్రంలా ఉండేలా పట్టుకోండి. దారాన్ని స్పూల్ మీద, లైన్ ఉండే చోట నాలుగైదు చుట్లు చుట్టి చివర బరువు వేలాడదీయండి. స్పూల్‌ను పట్టుకుని, వదలండి. బరువు వెంటనే, ఒకే తీరుగా కిందికి దిగాలి. వదిలాక క్షణం ఆగి తర్వాత ఉలిక్కిపడినట్టు కదిలితే బేరింగ్‌లో గ్రీజో, మురికో, బిగుతో ఉంది. ఇదే పరీక్షను పిడి పైన ఉన్నప్పుడు, కింద ఉన్నప్పుడు, పక్కన ఉన్నప్పుడు చేయండి. ఒక చోట కదిలి ఇంకో చోట ఆగితే స్పూల్ తూకంలో తేడా ఉన్నట్టు.

ఆ తూకాన్ని విడిగా కూడా చూడొచ్చు. దారం తీసేసి స్పూల్‌ను నెమ్మదిగా తిప్పి, దానంతటదే ఆగనివ్వండి. ఐదారుసార్లు చేయండి. ప్రతిసారీ ఒకే పిడి కిందికి వచ్చి ఆగుతుంటే ఆ వైపు బరువు ఎక్కువ. నదిలో దాని ఫలితం ఇలా ఉంటుంది: బెండు ప్రతి చుట్టుకూ ఒకసారి నెమ్మదిస్తుంది, మళ్లీ వేగం అందుకుంటుంది. నెమ్మదించిన ప్రతిసారీ కింద ఎర పైకి లేస్తుంది. చేపకు కనిపించేది ఆ కుదుపే.

ఇక ఊగిసలాట. కన్ను స్పూల్ అంచుకూ వెనక పలకకూ మధ్య ఉన్న సందు మీద పెట్టి, స్పూల్‌ను చాలా నెమ్మదిగా తిప్పండి. సందు అన్ని చోట్లా ఒకే వెడల్పు ఉండాలి. తర్వాత స్పూల్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూడండి. ఇరుసు పొడుగునా వెంట్రుకవాసి ఆట, అంటే లూజు, ఉంటే మంచిదే, బిగుతు లేదని అర్థం. అడ్డంగా కదిలితే మాత్రం ఇరుసో బేరింగో అరిగింది, ఆ రీల్ వదిలేయండి. సందు మరీ ఎక్కువున్నా ఇబ్బందే. పావు మిల్లీమీటరు మందం లైన్ గాలికి వదులై ఆ సందులోంచి వెనక్కి దూరితే, చేప మీద ఉన్నప్పుడు ఇరుసు చుట్టూ చుట్టుకుంటుంది.

వేలితో గట్టిగా తిప్పి చూసే పరీక్ష చివర్లో చేయండి, అది కూడా చెవితో. గరగర శబ్దం వస్తే మురికి, ఒకే చోట టక్ అంటే దెబ్బ తిన్న గుండు.

ఐదో అడుగు: మిగతా భాగాలు

క్లిక్కర్, అంటే స్పూల్ ఊరికే తిరగకుండా పళ్లచక్రాన్ని పట్టే చిన్న నాలుక, తప్పకుండా ఉండాలి. గట్టు మీద నడిచేటప్పుడు, పొదల్లోంచి వెళ్లేటప్పుడు అది వేసి ఉంచకపోతే స్పూల్ దానంతటదే తిరిగి లైన్ చిక్కుపడుతుంది. మీటను చలికి మొద్దుబారిన వేలితో కూడా వేయగలగాలి. చేతి తొడుగు వేసుకుని ఒకసారి చూడండి. క్లిక్కర్ తీసి ఉన్నప్పుడు దాని నాలుక పళ్లచక్రానికి ఏమాత్రం తగలకూడదు.

పిడులు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. వేళ్లకు నునుపుగా తగలాలి, ఎందుకంటే పెద్ద చేప పరిగెత్తినప్పుడు అవి వేలి కణుపులకు గట్టిగా తగిలే అవకాశం ఉంది. ఏ చేత్తో రాడ్ పడతారో ముందే తేల్చుకోండి. లైన్ గార్డ్ (లైన్‌ను దాని దారిలో ఉంచే తీగ) ఉన్న రీల్ అయితే అది మీ వైపుకు మార్చుకునేలా ఉందో లేదో అడగండి.

స్పూల్ ఎలా ఊడుతుందో చూడండి. నది గట్టున పనిముట్లు లేకుండా తీయగలగాలి. తీసిన స్క్రూ చిన్నదైతే రాళ్ల మధ్య పడి పోతుంది. నా ఓటు బొత్తాం నొక్కితే వచ్చేవాటికి.

ధరల మాటకొస్తే, ఒకుమా కంపెనీ షెఫీల్డ్, అవెంటా లాంటివి మొదటి రీల్‌గా చాలామంది తీసుకుంటారు. రావెన్ ఒంటారియోలో ఎక్కువగా కనిపిస్తుంది. వాంకూవర్ ద్వీపంలో తయారయ్యే ఐలాండర్, ఇంగ్లండ్‌లో తయారయ్యే కింగ్‌పిన్ ఖరీదైనవి. తక్కువ ధర రీల్‌లో బేరింగులు శుభ్రం చేసి నూనె మార్చుకుంటే ఖరీదైనదానికి చాలా దగ్గరగా వస్తుంది. మిగిలిన డబ్బు మంచి రాడ్ మీద పెట్టండి.

పాతది కొంటున్నారా? స్పూల్ అంచును గోటితో చుట్టూ తడమండి, రాయికి కొట్టుకున్న సొట్ట ఉంటే లైన్ కోస్తుంది. రీల్ కాలు దగ్గర పగులు, ఇరుసు మీద గోధుమరంగు మచ్చ, వంకర ఉన్నాయేమో చూడండి. రంగు పోవడం పెద్ద విషయం కాదు.

ఆరో అడుగు: లైన్ ఎక్కించడం

అసలు లైన్‌గా 8 నుంచి 12 పౌండ్ల బలం తట్టుకునే మోనో (ఒకే పోగు నైలాన్) లైన్ వాడతారు. నీటి మీద తేలేలా చేసింది, కంటికి బాగా కనిపించే రంగుది తీసుకోండి. బెండు దాకా లైన్ నీటిపైన ఉంటేనే దాన్ని ఎత్తి సరిచేయగలం. అల్లిన లైన్ తేలుతుంది గానీ, నీరు పట్టి చలికాలంలో మంచు కడుతుంది. పైగా సన్నగా ఉండి కింది చుట్లలోకి దిగబడుతుంది. సెంటర్‌పిన్ మీద దాన్ని నేను వాడను.

120 నుంచి 150 గజాలు చాలు. అంతకంటే లోతున్న స్పూల్ అయితే కింద పాత మోనో లైన్ నింపి, దానిపైన కొత్తది చుట్టండి. కొందరు స్పూల్ తేలిగ్గా ఉండాలని లైన్ సగమే చుడతారు. దానివల్ల లైన్ ఇరుసుకు దగ్గరైపోయి, కదలడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి నింపండి. మరీ పైదాకా నింపితే చుట్లు అంచు మీంచి జారిపోతాయి.

చుట్టేటప్పుడు తడిగుడ్డతో లైన్‌ను పట్టి, ఒకే బిగువుతో, ఎడమ నుంచి కుడికి సమంగా పరుస్తూ చుట్టండి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పైలైన్ కింది చుట్ల మధ్య దిగబడి, సరిగ్గా ఆ క్షణంలో స్పూల్ ఆగిపోతుంది.

బెండు కింద చిన్న స్వివెల్ (రెండు కొసలూ విడిగా తిరిగే లోహపు ముక్క) ఒకటి కట్టి, దానికి అసలు లైన్ కంటే సన్నని ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే గాలం కట్టే చివరి లైన్ ముక్క, కట్టండి. అడుగున రాయికి తగులుకుంటే గాలం వరకే తెగుతుంది, బెండు మిగులుతుంది. పక్కకు తిప్పి వేసే సైడ్ కాస్ట్‌లో లైన్‌కు పురి ఎక్కుతుంది. స్వివెల్ దాన్ని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. రోజు చివర గాలం, బెండు తీసేసి ఉత్త లైన్‌ను ప్రవాహంలోకి ముప్పై మీటర్లు వదిలి, ఒక నిమిషం ఉంచి చుట్టండి. పురి విప్పుకుంటుంది.

ఒంటారియోలో గాలం వేయడానికి లైసెన్సు, ఔట్‌డోర్స్ కార్డు ఉండాలి. నదిని బట్టి, నదిలో భాగాన్ని బట్టి అనుమతించే కాలం మారుతుంది. బ్రిటిష్ కొలంబియాలో అడవి స్టీల్‌హెడ్‌ను, అంటే హేచరీలో పెంచకుండా నదిలోనే పుట్టినదాన్ని, తప్పకుండా వదిలేయాలి. వెళ్లే ముందు ఆ సంవత్సరపు నిబంధనలు చదవండి.

ప్రతిసారీ ఇంటికొచ్చాక

నదిలో ఉన్నంతసేపూ చేతులు తడిగానే ఉంటాయి, లైన్ నీటిని మోసుకొస్తుంది. ఆ నీరంతా స్పూల్ లోపలికే చేరుతుంది. ఇంటికి రాగానే ఐదు నిమిషాల పని:

1. స్పూల్ తీయండి. ఇరుసును మెత్తటి, పీచు రాలని గుడ్డతో తుడవండి. పాత బనియన్ గుడ్డ చక్కగా పనికొస్తుంది.
2. వెనక పలక, స్పూల్ లోపలి భాగం తుడవండి. ఇసుక రేణువులుంటే మెత్తటి కుంచెతో బయటికి ఊడ్చండి, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.
3. స్పూల్‌నూ వెనక పలకనూ విడివిడిగా రాత్రంతా గది గాలికి ఆరనివ్వండి. హీటర్ మీద పెట్టొద్దు.
4. పొద్దున ఇరుసు మీద పలచటి నూనె ఒక్క చుక్క వేసి, వేలితో పొరలా పరిచి, స్పూల్ ఎక్కించండి.

ఒక్క చుక్క అంటే ఒక్కటే. నా రెండో శీతాకాలంలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. నూనె ఎంత ఎక్కువుంటే అంత తేలిగ్గా తిరుగుతుందనుకుని బేరింగులు నిండా చిక్కటి నూనె పోశాను. గానరాస్కాలో డిసెంబరు పొద్దున, నాలుగు గంటలపాటు ఒక్క చేప కూడా తగల్లేదు. నాకు ఎగువన నిలబడిన పెద్దాయనకు మూడు తగిలాయి. ఆయన నా దగ్గరికొచ్చి కాసేపు చూసి, "నీ బెండు నడుస్తూ నడుస్తూ ఆగుతోంది, చూశావా" అన్నారు. నిజంగానే ఆగుతోంది. చలికి నూనె జిగురులా మారింది. ఆయన నా రీల్ విప్పించి, నూనె తుడిపించి, ఉత్త ఇరుసు మీద స్పూల్ ఎక్కించమన్నారు. గంటలోపే చేప తగిలింది. ఆ రోజు నుంచి నేను రీల్‌ను ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడు పరీక్షించి సరిపెట్టుకోవడం మానేశాను. రాత్రి బాల్కనీలో గంటసేపు ఉంచి, ఆ చలిలోనే దారం, బరువుల పరీక్ష చేస్తాను.

బేరింగులు కడగడం

సీజన్‌లో రెండుసార్లు, లేదా దారం పరీక్షలో తేడా కనిపించినప్పుడు చేయండి. కొత్త రీల్ కొన్నప్పుడు కూడా ఒకసారి మంచిదే. చాలా బేరింగులు ఫ్యాక్టరీలో గ్రీజుతో నిండి వస్తాయి. గ్రీజు తుప్పును ఆపుతుంది, కదలికనూ ఆపుతుంది.

తెల్లగుడ్డ పరిచి దాని మీద పని చేయండి. విప్పే ప్రతి భాగాన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకుంటూ, విప్పిన వరుసలోనే పేర్చండి. బేరింగ్‌ను క్లిప్ పట్టి ఉంచితే క్లిప్ తీస్తే వచ్చేస్తుంది. నొక్కి బిగించినదైతే స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించకండి, స్పూల్‌తో పాటే కడగొచ్చు.

చిన్న గాజు సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బేరింగ్ వేసి, మూత పెట్టి నిమిషంపాటు ఊపండి. ద్రవం మురికిగా మారుతుంది. పారబోసి కొత్తది పోయండి. తేటగా ఉండేదాకా ఇలా మూడు నాలుగుసార్లు చేయాల్సి రావచ్చు. కిటికీ తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర చేయొద్దు, ఇది ఇట్టే అంటుకుంటుంది. ఎసిటోన్ ఇంకా త్వరగా గ్రీజును కరిగిస్తుంది గానీ రబ్బరు సీళ్లనూ ప్లాస్టిక్‌నూ పాడుచేస్తుంది. అందుకే నేను దాని జోలికి పోను.

కడిగాక గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. గాలి డబ్బాతో ఊదొచ్చు, కానీ ఊదేటప్పుడు బేరింగ్ తిరగకుండా వేలితో పట్టుకోండి. నూనె లేకుండా గాలి వేగానికి గిర్రున తిరిగితే లోపలి గుండ్లు దెబ్బ తింటాయి. ఆరిన తర్వాత పలచటి సింథటిక్ నూనె ఒక చుక్క, సూది మొనతో. పదిసార్లు తిప్పి, బయట ఉబికింది తుడిచేయండి.

ఏ నూనె అన్నది అందరూ అడుగుతారు. రీళ్ల కోసమే అమ్మే అతి పలచటి సింథటిక్ నూనె చలికాలానికి ఉత్తమం. కుట్టుమిషన్ నూనె అక్టోబరు దాకా పర్వాలేదు. కొబ్బరినూనె మాత్రం పొరపాటున కూడా వద్దు. అది సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది, ఇక్కడి చలికి రీల్ లోపల కొవ్వొత్తిలా మారుతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు తడిని వెళ్లగొట్టడానికి పనికొస్తాయి గానీ, వాటినే నూనెగా వదిలేస్తే మిగిలిన పొరకు దుమ్ము అంటుకుంటుంది.

క్లిక్కర్ నాలుకకూ దాని స్ప్రింగుకూ మాత్రం గ్రీజు కావాలి, గోటి మొనంత. అది బేరింగ్ వైపు పాకకుండా చూడండి. రీల్ కాలు స్క్రూలు వదులవుతుంటే నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చిన్న చుక్క వేసి బిగించండి. ఎర్రది వేస్తే మళ్లీ విప్పడం చాలా కష్టం. మీ రీల్‌కు స్పూల్ బిగువు సరిచేసే స్క్రూ ఉంటే దాన్ని ఆట పూర్తిగా పోయేదాకా బిగించకండి. ఆట పోయిన చోటి నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదిలేయండి.

గడ్డకట్టే చలిలో

సున్నాకు దిగువన రాడ్ గైడ్లలో (లైన్ వెళ్లే రింగుల్లో) మంచు పేరుకుంటే రాడ్ కొసను నీటిలో ముంచి కరిగించొచ్చు. రీల్‌ను మాత్రం ఎప్పుడూ ముంచొద్దు. లోపలికి వెళ్లిన నీరు పైకి తీసిన నిమిషాల్లో గడ్డకడుతుంది. పొరపాటున పడితే, వెంటనే స్పూల్ తీసి, ఇరుసు తుడిచి, బేరింగ్ మీద నోటితో ఊదకుండా, ఎందుకంటే ఊపిరిలోనూ తేమే, పొడిగుడ్డతో అద్దండి. అందుకని జాకెట్ లోపలి జేబులో ఎప్పుడూ పొడిగుడ్డ ఒకటి ఉంచుకోండి.

నడిచేటప్పుడు రీల్‌కు ఉన్ని సంచి తొడగండి. సాయంత్రం వెచ్చటి ఇంట్లోకి తేగానే చల్లటి లోహం మీద తేమ చెమటలా పడుతుంది, లోపలి ఇరుసు మీద కూడా. సంచిలోనే మూసి ఉంచితే ఆ తేమ అక్కడే ఉండిపోయి తుప్పు మొదలవుతుంది. రాగానే స్పూల్ తీయమన్నది ఇందుకే.

సముద్రపు నీరు కలిసే చోట, అంటే బ్రిటిష్ కొలంబియా నదీ ముఖాల దగ్గర వాడితే, విప్పిన భాగాలను మంచినీటితో తుడిచి ఆరబెట్టడం అదే రోజు జరగాలి. మర్నాటికి వాయిదా వేయొద్దు.

నదిలో తేడా కనిపిస్తే

బెండు ప్రతి చుట్టుకూ ఒకసారి నెమ్మదిస్తుంటే ముందు లైన్ ఒకవైపు కుప్పగా చుట్టుకుందేమో చూడండి, సగంసార్లు కారణం అదే. లైన్ సమంగా ఉంటే స్పూల్ అంచు వెనక పలకకు ఒకచోట రాసుకుంటోందేమో చూడండి. రాయికి తగిలి వంగి ఉండొచ్చు. బెండు మొదట్లో కదలక, కదిలాక బాగా నడుస్తుంటే అది చిక్కబడిన నూనె. ఉన్నట్టుండి స్పూల్ పూర్తిగా ఆగిపోతే, బలంగా లాగకుండా స్పూల్ తీసి చూడండి. వెనక లైన్ చుట్టుకుని ఉంటుంది. ఎదురుగాలి ఉన్న రోజుల్లో ఇది ఎక్కువ జరుగుతుంది. అలాంటప్పుడు బొటనవేలిని అంచు మీద ఈకలా ఆనించి ఉంచితే లైన్ వదులు కాదు.

వేసవికి దాచేటప్పుడు

వసంతం వేట ముగిశాక బేరింగులు కడిగి, ఈసారి మాత్రం నూనె రెండు చుక్కలు వేయండి, నెలల తరబడి కదలకుండా ఉంటుంది కాబట్టి. క్లిక్కర్ తీసి ఉంచండి, స్ప్రింగు మీద ఒత్తిడి ఉండదు. పైన ఉన్న ముప్పై గజాల లైన్ రాళ్లకు రాసుకుని ఉంటుంది, కోసి పారేయండి. ముక్కలు నది దగ్గర వదలకుండా ఇంటి చెత్తబుట్టలో వేయండి. రీల్‌ను మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా గుడ్డసంచిలో, ఎండ తగలని అలమరలో పెట్టండి. సంచిలో ఒక చీటీ వేసి, బేరింగ్ కడిగిన తేదీ, వేసిన నూనె పేరు, లైన్ మార్చిన తేదీ రాయండి. సెప్టెంబరు చివర్లో మొదటి వాన పడి నది పెరగ్గానే ఆ చీటీ చూసి, అదనపు నూనె తుడిచి, దారానికి చిన్న బరువు కట్టి మళ్లీ ఒకసారి వదిలి చూడండి.